ఖండతీరపు అంచు జలాల్లో సేంద్రియ కర్బనం

ఖండతీరపు అంచు జలాల్లో సేంద్రియ కర్బనం అనగా ఖండాల చుట్టూ లోతు తక్కువగా ఉండే సముద్ర భాగంలోని నీటిలో, జీవుల నుండి పుట్టిన పదార్థాల రూపంలో ఉండే కర్బనం. నేలపై రాలిన ఆకులు, మట్టిలోని జీవపదార్థం, సముద్రంలో పెరిగే వృక్షప్లవకాలు, జలచరాల విసర్జితాలు, వాటి శిథిలాలు దీనికి మూలాలు. ఈ కర్బనం ఎక్కడ ఎంత ఉన్నదనే విషయాన్ని దాని విస్తరణ అని, తీరం నుండి లోతు సముద్రానికి, ఉపరితలం నుండి అడుగుకు అది చేరే తీరును దాని రవాణా అని వ్యవహరిస్తారు.

మహాసముద్రాల మొత్తం వైశాల్యంలో ఖండతీరపు అంచు వాటా 7-8 శాతం మాత్రమే. అయినా సముద్రపు అడుగున ఏటా పూడిపోయే సేంద్రియ కర్బనంలో 80 శాతానికి పైగా ఈ అంచు మీద, నదుల డెల్టాల ముందర నిక్షిప్తమవుతుందని అంచనా. నది తెచ్చిన ఒక ఆకు కుళ్ళి తిరిగి గాలిలో కలుస్తుందా, జలచరాలకు ఆహారమవుతుందా, బురదలో పూడి వేల సంవత్సరాలు నిలుస్తుందా అనేది చాలావరకు ఈ సన్నని పట్టీలోనే తేలిపోతుంది. వాతావరణంలోని కార్బన్ డయాక్సైడ్ (బొగ్గుపులుసు వాయువు) పరిమాణానికి, తీరజలాల్లోని ప్రాణవాయువుకు, మత్స్యసంపదకు దీనితో సంబంధం ఉంది. ఈ వ్యాసంలో సాధారణ విషయాలతో పాటు బంగాళాఖాతపు పశ్చిమ తీరం, ముఖ్యంగా గోదావరి ముఖద్వార ప్రాంతం ఉదాహరణగా వివరించబడ్డాయి.

ఖండతీరపు అంచు స్వరూపం

తీరం నుండి సముద్రంలోకి నేల మెల్లగా వాలుతూ పోయే భాగమే ఖండతీరపు అంచు. సగటున సుమారు 130 మీటర్ల లోతు వద్ద ఈ వాలు ఒక్కసారిగా పెరుగుతుంది. అక్కడి నుండి వేల మీటర్ల లోతుకు దిగే భాగాన్ని ఖండతీరపు వాలు అంటారు. గత హిమయుగంలో సముద్రమట్టం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు తక్కువగా ఉండేది. అందువల్ల నేటి అంచులో ఎక్కువ భాగం అప్పట్లో నదులు పారిన పొడినేల.

అంచు వెడల్పు అన్నిచోట్లా ఒకే విధంగా ఉండదు. ముంబై ప్రాంతంలో ఇది వందల కిలోమీటర్లు ఉండగా, ఆంధ్రప్రదేశ్ తీరంలో సాధారణంగా 50 కిలోమీటర్ల లోపే ఉంటుంది. కృష్ణా, గోదావరి డెల్టాల ముందర మరింత ఇరుకుగా ఉంటుంది. ఈ తేడా కర్బనం గతిని నిర్ణయించే అంశాల్లో ముఖ్యమైనది. వెడల్పైన అంచు మీద సేంద్రియ పదార్థం ఎక్కువకాలం నిలిచి బ్యాక్టీరియాకు ఆహారమవుతుంది. ఇరుకైన అంచును అది త్వరగా దాటి, కుళ్ళకముందే వాలు మీదకు జారే అవకాశం ఉంటుంది.

రూపాలు

సముద్రజలంలోని కర్బనంలో అత్యధిక భాగం నిరింద్రియమైనది. అది బైకార్బొనేట్, కార్బొనేట్ అయాన్ల రూపంలో, కరిగిన కార్బన్ డయాక్సైడ్ రూపంలో ఉంటుంది. మిగిలిన సేంద్రియ కర్బనాన్ని రెండు రకాలుగా విభజిస్తారు.

* కరిగిన సేంద్రియ కర్బనం: సన్నని రంధ్రాలున్న వడపోత కాగితం గుండా నీటితో పాటు జారిపోయేది. చక్కెరలు, ప్రోటీన్ల ముక్కలు, హ్యూమిక్ ఆమ్లాలు మొదలైనవి.
* రేణురూప సేంద్రియ కర్బనం: వడపోత కాగితంపై నిలిచిపోయేది. ప్లవకాల కణాలు, మలగుళికలు, ఆకుల తునకలు, బంకమట్టి రేణువులకు అంటుకున్న జీవపదార్థం మొదలైనవి.

ఈ విభజన ప్రకృతిసిద్ధమైనది కాదు, కొలత సౌలభ్యం కోసం ఏర్పరచుకున్నది. సాధారణంగా వాడే గాజునార వడపోత కాగితం రంధ్రాల పరిమాణం సుమారు 0.7 మైక్రోమీటర్లు. అంతకంటే చిన్నవైన వైరస్‌లు, కొన్ని బ్యాక్టీరియాలు, కొల్లాయిడ్ రేణువులు కూడా లెక్కలో కరిగినవాటి కిందకే వస్తాయి.

కరిగిన సేంద్రియ కర్బనంలో మన్నిక బట్టి కూడా తేడాలున్నాయి. ప్లవకాలు విడుదల చేసే చక్కెరల వంటివి గంటల్లో, రోజుల్లో ఖర్చయిపోతాయి. మరికొన్ని నెలల తరబడి నిలుస్తాయి. మిగిలిన భాగాన్ని బ్యాక్టీరియా అంత సులభంగా విడగొట్టలేవు. లోతు సముద్రంలోని కరిగిన సేంద్రియ కర్బనపు సగటు వయస్సు 4,000 నుండి 6,000 సంవత్సరాలని రేడియోకార్బన్ పరీక్షల ద్వారా తెలిసింది. మహాసముద్రాలన్నిటిలో ఈ రూపంలో ఉన్న కర్బనం సుమారు 66,000 కోట్ల టన్నులు. ఇది నేటి వాతావరణంలో కార్బన్ డయాక్సైడ్‌గా ఉన్న కర్బనంలో దాదాపు మూడు వంతులకు (నాలుగింట మూడు) సమానం.

మూలాలు

నదులు: ప్రపంచ నదులు ఏటా సుమారు 40-45 కోట్ల టన్నుల సేంద్రియ కర్బనాన్ని సముద్రానికి చేరుస్తాయి. ఇందులో సగానికి కాస్త ఎక్కువ కరిగిన రూపంలోను, మిగిలినది ఒండ్రుతో పాటు రేణురూపంలోను ఉంటుంది.

వృక్షప్లవకాలు: ఇవి కిరణజన్య సంయోగక్రియ ద్వారా నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను సేంద్రియ పదార్థంగా మారుస్తాయి. తీరప్రాంతంలో నదుల నుండి, అడుగు బురద నుండి, పైకి ఉబికి వచ్చే లోతు నీటి నుండి నైట్రేట్, ఫాస్ఫేట్ వంటి పోషకాలు అందుతాయి. అందువల్ల అంచు వైశాల్యం చిన్నదైనా సముద్రాల మొత్తం ప్రాథమిక ఉత్పత్తిలో ఐదో వంతు వరకు తీరజలాల్లో జరుగుతుందని అంచనా.

మడ అడవులు: ఆటుపోట్లతో ఆకుల తునకలు, బురదనీటిలో కరిగిన పదార్థం బయటకు వస్తాయి. అయితే మడ ఆకులే తీరజీవులకు ప్రధాన ఆహారమనే పాత అభిప్రాయం అన్నిచోట్లా నిజం కాదు. గోదావరి డెల్టాలోని కోరింగ మడ అడవుల్లో 2002లో ప్రచురితమైన ఐసోటోపు పరిశోధనలో, అక్కడి బురదలో నివసించే అనేక అకశేరుకాలు మడ ఆకులకంటే బురదపైన, నీటిలోన పెరిగే సూక్ష్మ శైవలాల మీదనే ఎక్కువగా ఆధారపడుతున్నట్లు తేలింది.

ఇతర మూలాలు: పట్టణాల మురుగునీరు, రొయ్యల చెరువుల వ్యర్థజలం, గాలిలో ఎగిరివచ్చే ధూళి, మసి, తుఫానులకు తిరిగి పైకి లేచే పాత బురద.

మూలాన్ని గుర్తించే విధానం

నీటిలోని సేంద్రియ కర్బనం నేలదా, సముద్రానిదా అని తెలుసుకోవడానికి కర్బనం-13 అనే స్థిర ఐసోటోపు నిష్పత్తిని ఉపయోగిస్తారు. అంతర్జాతీయ ప్రమాణంతో పోల్చినపుడు టేకు వంటి అడవి చెట్లలోను, వరిలోను ఈ విలువ వెయ్యికి -27 దరిదాపుల్లో ఉంటుంది. ఉష్ణమండల సముద్రపు ప్లవకాల్లో ఇది సుమారు -20 నుండి -22 వరకు ఉంటుంది. జొన్న, మొక్కజొన్న, చెరకు, అనేక రకాల గడ్డి మొక్కలు వేరొక పద్ధతిలో కిరణజన్య సంయోగక్రియ జరుపుతాయి కాబట్టి వాటి విలువ సుమారు -13.

దీనివల్ల ఒక చిక్కు ఏర్పడుతుంది. అడవి నేలల నుండి, జొన్న పండే మెట్ట నేలల నుండి వచ్చిన పదార్థాలు కలిసినపుడు ఆ మిశ్రమం విలువ సముద్ర ప్లవకాల విలువకు దగ్గరగా కనిపించవచ్చు. దక్కను పీఠభూమి మెట్ట పంటలను, తూర్పు కనుమల అడవులను రెంటినీ దాటివచ్చే గోదావరి విషయంలో ఈ చిక్కు తప్పదు. అందువల్ల కర్బనం, నైట్రోజన్‌ల నిష్పత్తిని, నేల మొక్కల కణజాలంలో ఉండే లిగ్నిన్‌ను, ఆకులపై ఉండే మైనపు పూతను కూడా పరీక్షిస్తారు. ప్లవకాల్లో ప్రతి 16 నైట్రోజన్ పరమాణువులకు సుమారు 106 కర్బన పరమాణువులు ఉంటాయి. దీనిని రెడ్‌ఫీల్డ్ నిష్పత్తి అంటారు. నేల మొక్కల్లో కర్బనం వాటా ఇంతకంటే చాలా ఎక్కువ.

విస్తరణ

తీరం నుండి లోపలికి పోయేకొద్దీ సేంద్రియ కర్బనం తగ్గుతుంది. ప్రపంచ నదుల సగటు చూస్తే లీటరు నదీజలంలో సుమారు 5-6 మిల్లీగ్రాముల కరిగిన సేంద్రియ కర్బనం ఉంటుంది. తీరజలాల్లో ఇది లీటరుకు 1 నుండి 2 మిల్లీగ్రాములకు, బయటి సముద్రపు పైపొరలో 1 మిల్లీగ్రాము లోపుకు, వేల మీటర్ల లోతులో సుమారు అర మిల్లీగ్రాముకు పడిపోతుంది. సముద్రజలంలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. దానితో పోలిస్తే బయటి సముద్రపు పైపొరలోని సేంద్రియ కర్బనం ఉప్పులో నలభైవేల వంతు మాత్రమే.

నదీముఖం వద్ద కర్బనాన్ని లవణీయతతో కలిపి పరిశీలిస్తారు. మంచినీరు, ఉప్పునీరు కేవలం కలిసిపోతుంటే లవణీయత పెరిగేకొద్దీ నది తెచ్చిన కర్బనం సరళరేఖలో తగ్గాలి. కొలతలు ఆ రేఖకు పైన ఉంటే దారిలో కొత్తగా కర్బనం చేరుతున్నట్లు, కింద ఉంటే దారిలో ఖర్చవుతున్నట్లు లేదా అడుగుకు చేరుతున్నట్లు గ్రహిస్తారు. ఉప్పునీరు తగలగానే బంకమట్టి రేణువులు, హ్యూమిక్ పదార్థాలు ముద్దలు కట్టి అడుగుకు దిగడం సాధారణం.

నిలువు దిశలో చూస్తే సూర్యరశ్మి అందే పైపొరలో సేంద్రియ కర్బనం ఎక్కువ. కిందకు పోయేకొద్దీ తగ్గి, అడుగుకు కొన్ని మీటర్ల పైన మళ్ళీ పెరుగుతుంది. అలలు, ప్రవాహాలు బురదను కదిలించడం వల్ల అక్కడ ఒక మడ్డి పొర ఏర్పడటమే దీనికి కారణం.

రవాణా విధానాలు

అడుగుకు దిగడం: ఒంటరి ప్లవక కణం రోజుకు ఒక మీటరు కూడా దిగకపోవచ్చు. జంతుప్లవకాల మలగుళికలు, కణాలు ముద్దలుగా చేరిన సముద్రపు నుసి రోజుకు పదుల నుండి వందల మీటర్లు దిగుతాయి. 60 మీటర్ల లోతున్న అంచు మీద ఇవి ఒకటి రెండు రోజుల్లోనే అడుగుకు చేరతాయి. బంకమట్టి, ఇసుక, సిలికా గుల్లలు తోడైతే బరువు పెరిగి ఇంకా వేగంగా దిగుతాయి. ఓడ నిలకడ కోసం అడుగున వేసే బరువువలె పనిచేస్తుంది కాబట్టి దీనిని ఖనిజ భార ప్రభావం అనవచ్చు.

అడ్డంగా సాగడం: తీరప్రవాహాలు, ఆటుపోట్లు, సుడులు పైపొరలోని కర్బనాన్ని తీరం వెంబడి, బయటకు మోసుకుపోతాయి. అడుగు మడ్డి పొర వాలు వెంట మెల్లగా బయటకు జారుతుంది. ఒకే రేణువు అనేకసార్లు దిగి, లేచి, మళ్ళీ దిగుతూ అంచును దాటుతుంది. ప్రతిసారీ బ్యాక్టీరియా దానిలో కొంత తింటాయి.

సముద్రాంతర లోయలు: అంచును, వాలును కోస్తూ పోయే లోయలు బురదను నేరుగా అగాధానికి చేర్చే దారులు. బంగాళాఖాతపు ఉత్తర భాగంలో గంగా-బ్రహ్మపుత్ర డెల్టా ముందర ఉన్న 'స్వాచ్ ఆఫ్ నో గ్రౌండ్' అటువంటిది. ఆంధ్ర తీరం ముందరి ఆంధ్రా, మహదేవన్, కృష్ణా లోయలను యూజీన్ లాఫాండ్ 1964లో వర్ణించాడు. వీటిలో రెండవదానికి ఆంధ్ర విశ్వవిద్యాలయ భూగర్భశాస్త్ర ఆచార్యుడు సి.మహదేవన్ పేరు పెట్టబడింది.

చల్లని నీరు జారడం: శీతాకాలంలో తీరజలాలు లోతు తక్కువ కావడం వల్ల బయటి సముద్రం కంటే త్వరగా చల్లబడి, సాంద్రత పెరిగి వాలు వెంట కిందకు జారతాయి. వాటితో పాటు కరిగిన కర్బనం కూడా లోపలికి పోతుంది. తూర్పు చైనా సముద్రంలో జరిపిన పరిశీలనల ఆధారంగా జపాను శాస్త్రవేత్త సునోగాయ్, ఆయన సహచరులు 1999లో దీనికి 'ఖండతీరపు అంచు పంపు' అని పేరు పెట్టారు. ఉష్ణమండలంలోని బంగాళాఖాతంలో శీతాకాలపు చలి అంతగా లేకపోవడం, పైపొర మంచినీటితో తేలికై ఉండటం వల్ల ఈ విధానానికి ప్రాధాన్యం తక్కువ.

అంచుపై ఉత్పత్తి అయిన కర్బనం ఎటు పోతుంది?

1981లో వాల్ష్, ఆయన సహచరులు ఖండతీరపు అంచుపై ఉత్పత్తి అయ్యే సేంద్రియ పదార్థంలో చాలా భాగం తినబడకుండా లోతు సముద్రానికి పోతున్నదని, మానవులు విడుదల చేసే కార్బన్ డయాక్సైడ్‌లో లెక్క తేలని భాగానికి ఇది సమాధానం కావచ్చునని ప్రతిపాదించారు. దీన్ని పరీక్షించడానికి 1980వ దశకంలో అమెరికా తూర్పు తీరంలో పెద్ద పరిశోధన కార్యక్రమం చేపట్టారు. 1994లో వెలువడిన ఫలితాల ప్రకారం అక్కడి అంచుపై ఉత్పత్తి అయిన రేణురూప కర్బనంలో వాలుకు చేరుతున్నది 5 శాతం లోపే. మిగిలినదంతా అంచుపైనే బ్యాక్టీరియాకు, జంతువులకు ఆహారమై తిరిగి కార్బన్ డయాక్సైడ్‌గా మారుతున్నది.

అయితే ఒక తీరపు ఫలితం అన్ని తీరాలకు వర్తించదు. నేడు ప్రపంచ ఖండతీరపు అంచు జలాలు మొత్తం మీద వాతావరణం నుండి ఏటా సుమారు 20 కోట్ల టన్నుల కర్బనాన్ని గ్రహిస్తున్నాయని అంచనా. ఇందులో ఎక్కువ భాగం సమశీతోష్ణ, ధ్రువ ప్రాంతాలది. నదీముఖాలు ఇందుకు విరుద్ధంగా వాతావరణంలోకి కార్బన్ డయాక్సైడ్‌ను విడుదల చేస్తున్నాయి. ఏ తీరమైనా కర్బనాన్ని దాచేది అవుతుందా, వదిలేది అవుతుందా అనేది మూడు విషయాలపై ఆధారపడి ఉంటుంది: ఆ కర్బనం అంచు మీద ఎంతకాలం ఉంటుంది, దానికి బంకమట్టి ఎంత తోడవుతుంది, బురదలో ప్రాణవాయువు ఎంతలోతు వరకు అందుతుంది.

బంగాళాఖాతపు పశ్చిమ తీరం

గోదావరి వరద కాలం: గోదావరి మహారాష్ట్రలోని త్ర్యంబకేశ్వరం వద్ద పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. దీని పరీవాహక ప్రాంతం 3,12,812 చదరపు కిలోమీటర్లు. నదిలో ఏడాది పొడవునా పారే నీటిలో అధికభాగం నైరుతి ఋతుపవనాల కాలంలోనే సముద్రానికి చేరుతుంది. స్థానికులు 'ఎర్రనీరు' అని పిలిచే ఈ వరదనీటితో పాటే ఏడాదికి సరిపడా ఒండ్రు, దానికి అంటిన సేంద్రియ కర్బనం కొన్ని వారాల్లో కదిలిపోతాయి. వేసవిలో ధవళేశ్వరం ఆనకట్ట దిగువకు నీరు దాదాపు రాకపోవడంతో నదీముఖం సముద్రపు పాయగా మారుతుంది.

విశాఖపట్నంలోని జాతీయ సముద్రశాస్త్ర సంస్థ ప్రాంతీయ కేంద్రం పరిశోధకులు గౌతమీ గోదావరి ముఖద్వారంలో జరిపిన కొలతల వల్ల ఈ రెండు కాలాల మధ్య తేడా స్పష్టమైంది. వరద కాలంలో నీరు బురదగా ఉండి వెలుతురు చొరబడదు. ప్లవకాలు పెరగలేవు. నేల నుండి వచ్చిన సేంద్రియ పదార్థాన్ని బ్యాక్టీరియా విడగొట్టడం వల్ల నీటిలోని కార్బన్ డయాక్సైడ్ వాతావరణంలోని స్థాయికంటే పదుల రెట్లు పెరిగి గాలిలోకి విడుదలవుతుంది. వరద తగ్గి నీరు తేటపడగానే, మిగిలిపోయిన పోషకాలతో వృక్షప్లవకాలు విరివిగా పెరుగుతాయి. అంటే ఒకే నదీముఖం కొన్ని నెలలు నేల కర్బనాన్ని కాల్చే కొలిమిగా, తరువాత కొత్త కర్బనాన్ని తయారుచేసే తోటగా పనిచేస్తుంది.

తీరజలాల్లో కూడా ఇటువంటి భేదం కనిపిస్తుంది. ఋతుపవన కాలంలో గంగ నీటి ప్రభావం ఉన్న వాయవ్య భాగం కార్బన్ డయాక్సైడ్‌ను గ్రహించేదిగా, గోదావరి, కృష్ణా వంటి ద్వీపకల్ప నదుల నీరు చేరే దక్షిణ భాగం దాన్ని విడుదల చేసేదిగా ఉన్నట్లు 2012లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది.

దిశ మార్చుకునే ప్రవాహం: తూర్పు భారత తీరప్రవాహం సంవత్సరంలో రెండుసార్లు దిశ మారుతుంది. ఫిబ్రవరి నుండి మే వరకు ఈశాన్యంగా, అక్టోబరు నుండి డిసెంబరు వరకు దక్షిణంగా సాగుతుంది. వర్షాకాలం ముగిశాక గంగా-బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి నీరు ఈ దక్షిణ ప్రవాహంతో తీరం వెంబడే దిగువకు పోతుంది. తీరం వెంట పలుచోట్ల జాలరుల సహాయంతో క్రమం తప్పకుండా సీసాల్లో సేకరించిన నీటి నమూనాల ద్వారా దీనిని నిర్ధారించి, 2014లో ప్రచురించిన వ్యాసంలో 'సముద్రంలో నది' అని వర్ణించారు. సుమారు 100 కిలోమీటర్ల వెడల్పున్న ఈ మంచినీటి పాయ అంచు మొత్తాన్నీ కప్పివేస్తుంది. అందువల్ల విశాఖపట్నం ముందరి నీటిలో ఉన్న కర్బనం అక్కడి నేలది కాక, వందల కిలోమీటర్ల ఉత్తరాన ఉన్న నదులది కావచ్చు.

లోతు సముద్రంలోకి: భారత, జర్మన్ శాస్త్రవేత్తలు 1987 నుండి బంగాళాఖాతంలో లోతున గరాటు ఆకారపు వలలను ఉంచి, పైనుండి రాలే పదార్థాన్ని నెలల తరబడి సేకరించారు. వేణుగోపాలన్ ఇత్తెక్కోట్, సహచరులు 1991లో ప్రచురించిన ఫలితాల ప్రకారం నదుల వరద సమయంలో ఈ రాలే పదార్థం పెరుగుతుంది, నదులు తెచ్చిన ఖనిజ రేణువులు సేంద్రియ కర్బనాన్ని వేగంగా కిందకు చేరుస్తాయి. గంగా-బ్రహ్మపుత్రలు ఏటా సుమారు 100 కోట్ల టన్నుల ఒండ్రును తెస్తాయి. ఆ ఒండ్రుతో వచ్చే నేల కర్బనం దాదాపు అంతా బంగాళాఖాతపు అడుగున భద్రంగా పూడిపోతున్నదని 2007లో గాలీ, సహచరులు చూపారు. అమెజాన్ నది విషయంలో పూడేది మూడో వంతు కూడా ఉండదు. హిమాలయాల నుండి ఒండ్రు అతివేగంగా, అతిదట్టంగా వచ్చిపడటమే ఈ తేడాకు కారణం.

ప్రాణవాయువుతో సంబంధం

సేంద్రియ కర్బనం కుళ్ళినపుడు నీటిలోని ప్రాణవాయువు ఖర్చవుతుంది. అందువల్ల కర్బనం ఎంత లోతులో కుళ్ళుతుందో, ఆ లోతులో జీవుల మనుగడ దానిని బట్టి ఉంటుంది. భారత పశ్చిమ తీరంలో నైరుతి ఋతుపవనాల సమయంలో ప్రాణవాయువు తక్కువగా ఉన్న లోతు నీరు అంచుపైకి ఉబికి వస్తుంది. దానిపై మంచినీటి పొర మూతలా పరచుకుంటుంది. కింద కుళ్ళే పదార్థం మిగిలిన ప్రాణవాయువును హరిస్తుంది. ఈ విధంగా సుమారు 1,80,000 చదరపు కిలోమీటర్ల మేర ఏటా ఏర్పడే ప్రాణవాయు కొరతను, అందువల్ల పెరుగుతున్న నైట్రస్ ఆక్సైడ్ విడుదలను జాతీయ సముద్రశాస్త్ర సంస్థ శాస్త్రవేత్తలు 2000లో వెల్లడించారు.

బంగాళాఖాతంలో సుమారు 100 మీటర్ల నుండి కొన్ని వందల మీటర్ల లోతు వరకు ప్రాణవాయువు అత్యల్పంగా ఉన్న పొర ఉంది. అరేబియా సముద్రంలోని ఇటువంటి పొరలో ప్రాణవాయువు పూర్తిగా అయిపోయి, నైట్రేట్ భారీగా నైట్రోజన్ వాయువుగా మారిపోతుంది. బంగాళాఖాతంలో మాత్రం అతిస్వల్పంగా ప్రాణవాయువు మిగిలి ఉండి, ఆ క్రియను అడ్డుకుంటున్నదని 2017లో జరిగిన పరిశోధన తెలిపింది. ఇది అంచుకు వచ్చి ఆగినట్లున్న స్థితి. దీనికి శాస్త్రవేత్తలు ఇస్తున్న వివరణల్లో ఒకటి ఖనిజ భార ప్రభావం. నదుల బంకమట్టి సేంద్రియ పదార్థాన్ని ఈ పొర గుండా త్వరగా కిందకు లాగడం వల్ల అది ఇక్కడ కుళ్ళే సమయం తక్కువ. పైపొరలో ఉత్పత్తి తక్కువగా ఉండటం మరొక కారణం.

ఆనకట్టల ప్రభావం

నదిపై ఆనకట్టలు, జలాశయాలు నీటికంటే ఎక్కువగా ఒండ్రును ఆపుతాయి. ధవళేశ్వరం వద్ద ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1852లో పూర్తయిన ఆనకట్ట ప్రధానంగా నీటిని కాలువలకు మళ్ళించేది. 1970వ దశకం నుండి గోదావరి, దాని ఉపనదులపై నిర్మించిన పెద్ద జలాశయాలు ఒండ్రును నిలవ చేస్తున్నాయి. ధవళేశ్వరం వద్ద కొలిచిన ఒండ్రు 1970వ దశకంతో పోలిస్తే 1990వ దశకానికి సుమారు మూడో వంతుకు పడిపోయిందని, ఫలితంగా డెల్టా తీరం కోతకు గురవుతున్నదని 2004లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది.

తీరపు కోత కంటికి కనిపించే నష్టం. కర్బనం విషయంలో జరిగే మార్పు కంటికి కనిపించదు. ఒండ్రు తగ్గితే దానితో వచ్చే నేల కర్బనం జలాశయాల అడుగునే నిలిచిపోతుంది. సముద్రంలో ప్లవకాల శిథిలాలను కిందకు లాగే బరువు కూడా తగ్గుతుంది. మరోవైపు పొలాల ఎరువుల నుండి, పట్టణాల మురుగు నుండి కరిగిన నైట్రేట్, ఫాస్ఫేట్ ఆనకట్టలను దాటి వస్తూనే ఉంటాయి. అంటే కొత్త సేంద్రియ పదార్థాన్ని పెంచే పోషకాలు చేరుతుండగా, దానిని లోతుకు దింపే మట్టి తగ్గుతున్నది. ఖనిజ భార వివరణ సరైనదైతే, ఈ రెండు మార్పులూ బంగాళాఖాతంలో మిగిలిన కొద్దిపాటి ప్రాణవాయువును తగ్గించే దిశలోనే పనిచేస్తాయి. సముద్రం వేడెక్కడం వల్ల నీటిలో కరిగే ప్రాణవాయువు తగ్గడం దీనికి అదనం.

బురదలో నిలిచిన చరిత్ర

పూడిపోయిన సేంద్రియ కర్బనం గతకాలపు వాతావరణానికి సాక్ష్యం. గోదావరి ముఖద్వారానికి ఎదురుగా సముద్రపు అడుగు నుండి తీసిన బురద స్తంభంలో ఆకుల మైనపు పూతలోని కర్బన ఐసోటోపులను పరీక్షించి, 2012లో పాంటన్, సహచరులు గత 10,000 సంవత్సరాల వృక్షసంపద చరిత్రను తెలిపారు. సుమారు 4,000 సంవత్సరాల క్రితం నుండి 1,700 సంవత్సరాల క్రితం వరకు గోదావరి పరీవాహక ప్రాంతంలో వర్షాభావాన్ని తట్టుకునే మొక్కలు క్రమంగా పెరిగాయని, అంటే మధ్య భారతదేశం మెట్టబారిందని ఇందువల్ల తెలిసింది.

ఆ స్తంభం 2006లో భారత జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమంలో భాగంగా 'జాయిడెస్ రిజల్యూషన్' నౌక నుండి సేకరించినది. అదే యాత్రలో కృష్ణా-గోదావరి వాలు ప్రాంతంలో మీథేన్ హైడ్రేట్ నిక్షేపాలు బయటపడ్డాయి. బురదలో పూడిన సేంద్రియ పదార్థాన్ని ప్రాణవాయువు లేనిచోట సూక్ష్మజీవులు విడగొట్టినపుడు మీథేన్ పుడుతుంది. లోతు నీటి ఒత్తిడికి, చలికి అది నీటితో కలిసి మంచులాంటి ఘనపదార్థంగా గడ్డకడుతుంది.

కొలిచే పద్ధతులు

నీటిని వివిధ లోతుల్లో మూసుకునే నిస్కిన్ సీసాలతో సేకరించి వడపోస్తారు. కాగితంపై నిలిచిన పదార్థానికి ఆమ్లపు ఆవిరి తగిలించి కార్బొనేట్లను తొలగించి, కాల్చి, వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను కొలుస్తారు. వడపోసిన నీటికి ఆమ్లం కలిపి, నిరింద్రియ కర్బనాన్ని వాయువుగా వెళ్ళగొట్టి, మిగిలిన నీటిని సుమారు 700 డిగ్రీల సెల్సియస్ వద్ద ప్లాటినం ఉత్ప్రేరకంపై కాల్చి కరిగిన సేంద్రియ కర్బనాన్ని లెక్కిస్తారు.

ఈ పద్ధతి చరిత్రలో ఒక వివాదం ఉంది. 1988లో జపాను రసాయన శాస్త్రవేత్తలు సుగిమురా, సుజుకి అంతకుముందు అనుకున్నదానికంటే అనేక రెట్లు కరిగిన సేంద్రియ కర్బనం సముద్రంలో ఉన్నదని ప్రకటించారు. అది నిజమైతే కర్బన చక్రం లెక్కలన్నీ తిరగరాయవలసి వచ్చేది. అనేక దేశాల ప్రయోగశాలలు ఒకే నీటిని పంచుకుని పరీక్షించినా అంత అధిక విలువలు రాలేదు. 1993లో సుజుకి తమ ఫలితాలను తానే ఉపసంహరించుకున్నాడు. ఆ తరువాతనే పరికరం నుండి వచ్చే దోషాన్ని తీసివేయడం, అన్ని ప్రయోగశాలలూ ఒకే ప్రమాణ నమూనాలతో సరిచూసుకోవడం ఆచారమైంది.

ఉపగ్రహాలు సముద్రపు రంగును బట్టి ప్లవకాల పత్రహరితాన్ని, నీటికి పసుపు ఛాయనిచ్చే కరిగిన పదార్థాన్ని అంచనా వేస్తాయి. భారతదేశం 1999లో ఓషన్‌శాట్-1ను, 2009లో ఓషన్‌శాట్-2ను, 2022లో ఓషన్‌శాట్-3ను ప్రయోగించింది. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం పత్రహరితం, ఉపరితల ఉష్ణోగ్రతల ఆధారంగా చేపలు దొరికే అవకాశమున్న ప్రాంతాలను మత్స్యకారులకు తెలియజేస్తుంది. అయితే బురదనీటిలో రంగును బట్టి వేసే అంచనా తప్పే అవకాశం ఎక్కువ. మేఘాలు కమ్మిన వర్షాకాలంలో, అంటే నదులు అత్యధిక కర్బనాన్ని తెచ్చే సమయంలోనే, ఉపగ్రహానికి సముద్రం కనిపించదు. అందువల్ల ఓడలపై, పడవలపై వెళ్ళి నీటిని తెచ్చే పని ఇప్పటికీ తప్పనిసరి.

ఇవి కూడా చూడండి

* బంగాళాఖాతం
* గోదావరి
* కర్బన చక్రం
* కోరింగ వన్యప్రాణి అభయారణ్యం
* మడ అడవులు
* వృక్షప్లవకాలు
* ధవళేశ్వరం ఆనకట్ట